దగ్గు డబ్బాలో ఏముండాలి?

జలుబు వెనకాలే పట్టుకున్న దగ్గు ఎన్నాళ్ళలో తగ్గాలి? అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో పరిశోధకులు ఈ ప్రశ్న అడిగితే జనం వారం అన్నారు, మహా అయితే తొమ్మిది రోజులన్నారు. అప్పటిదాకా అచ్చయిన అధ్యయనాలు తిరగేసి లెక్క తీస్తే మాత్రం సగటున దాదాపు 18 రోజులని తేలింది. 2013లో వెలువడిన ఈ ఫలితం చూస్తే మన ఇళ్ళలో జరిగే తంతు అంతా అర్థమవుతుంది. మొదటి వారం ఎలాగో ఓపిక పడతారు. ఎనిమిదో రోజున పక్కింటావిడ చెప్పిన కషాయం. పదో రోజున మందుల షాపు సిరప్. పన్నెండో రోజున డాక్టరు. పదహారో రోజున ఎవరో ఇచ్చిన పొడి తేనెలో రంగరించి నాకుతారు. పద్దెనిమిదో రోజుకు దగ్గు మాయం, పేరంతా ఆ పొడికి!

అలాగని ఆ పొడిని తీసిపారేయాల్సిన పనిలేదు. దగ్గు తనంత తాను పోయేదాకా రాత్రిళ్ళు కాస్త నిద్రపట్టాలి, గొంతులో గీర తగ్గాలి, కఫం తేలిగ్గా ఊడిరావాలి. ఈ మూడు పనులకూ వంటింట్లో ఒక చిన్న డబ్బా చాలు. అంతకు మించిన పని దానికి అప్పజెప్పినప్పుడే చిక్కులొస్తాయి.

ఈ మధ్య జనానికి మళ్ళీ దీని మీదికి మనసు పోవడానికి ఓ విషాదం కూడా కారణం. 2025 సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో మధ్యప్రదేశ్‌లోని ఛింద్వాడా జిల్లాలో దగ్గు సిరప్ తాగిన పసిపిల్లలు మూత్రపిండాలు చెడి ఇరవై మందికి పైగా చనిపోయారు. కాంచీపురంలో తయారైన ఆ సిరప్‌లో డైఇథిలీన్ గ్లైకాల్ అనే విషపు రసాయనం 48.6 శాతం ఉన్నట్టు పరీక్షల్లో బయటపడింది. అనుమతించిన హద్దు 0.1 శాతం. తెలంగాణ ఔషధ నియంత్రణ అధికారులు కూడా ఆ సిరప్ వాడొద్దని హెచ్చరిక జారీచేశారు. రెండేళ్ళలోపు పిల్లలకు దగ్గు, జలుబు మందులు రాయనే వద్దని, ఐదేళ్ళలోపు వాళ్ళకు కూడా మామూలుగా వాటి అవసరం ఉండదని కేంద్ర ఆరోగ్య శాఖ రాష్ట్రాలకు చెప్పింది. ఇక తల్లులు సిరప్ సీసా మూత తీయడానికి జంకడంలో వింతేముంది? నాయనమ్మ కాచే కషాయమే నయమన్న మాట ఇంటింటా వినబడింది.

నయమే, కాచేవాళ్ళకు అందులో ఏం వేస్తున్నారో, ఎంత వేస్తున్నారో తెలిస్తే. చాలా ఇళ్ళలో తెలియదు. అటక మీద పేరు లేని హార్లిక్స్ సీసాలో ఏదో గోధుమరంగు పొడి ఉంటుంది. ఎవరు తెచ్చారో, ఏ ఏడాది తెచ్చారో ఎవరికీ గుర్తుండదు. దగ్గు రాగానే అదే దించుతారు.

అందుకే డబ్బా చిన్నదిగా ఉండాలి. శొంఠి, మిరియాలు, పిప్పళ్ళు, అతిమధురం, కరక్కాయ, పసుపు కొమ్ములు, తేనె. వీటికి తోడు బాల్కనీలో తులసి, వామాకు కుండీలు. దొడ్డి ఉన్నవాళ్ళకు గట్టు మీద ఓ అడ్డసరం మొక్క. ఇంతే. ఇరవై రకాల మూలికలు కొని దాచుకున్న ఇంట్లో పద్దెనిమిది పురుగు పట్టి పోతాయి, మిగిలిన రెండూ మిరియాలూ శొంఠే అవుతాయి.

సరుకు నింపుకోవడానికి మంచి అదను తెలుగువాళ్ళకు ఎప్పటినుంచో ఉన్నదే. కారం కొట్టించి, పసుపు ఆడించి, చింతపండు గింజ తీసి జాడీలకెత్తే ఎండాకాలమే దీనికీ కాలం. నిజామాబాద్, దుగ్గిరాల మార్కెట్‌ యార్డులకు కొత్త పసుపు వచ్చే రోజులవి. పాడేరు, చింతపల్లి కొండల మీద కాఫీ తోటల్లో సిల్వర్ ఓక్ చెట్లకు పాకించిన మిరియాలు కోతకొచ్చి ఎండేదీ సుమారుగా ఆ రోజుల్లోనే. గాలిలో తేమ ఉండదు, ఎండబెట్టిన వస్తువు గలగలలాడుతుంది. వానలు పడ్డాక కొన్న శొంఠి, సీసాకెక్కేలోగానే మెత్తబడుతుంది.

శొంఠి లేని కషాయం లేదని సామెత. అల్లాన్ని ఎండబెడితే దాని ఘాటు ఇచ్చే పదార్థాల్లో కొంత భాగం మరింత ఘాటైన రూపంలోకి మారుతుంది. పచ్చి అల్లం కన్నా శొంఠి గొంతులో ఎక్కువసేపు వెచ్చగా మండేది అందుకే. కొనేటప్పుడు తెల్లగా నిగనిగలాడే కొమ్ము చూసి మోసపోకూడదు. పురుగు పట్టకుండా, చూపుకు బాగుండాలని సున్నపు నీళ్ళలో ముంచి ఆరబెట్టడం వ్యాపారంలో మామూలే. వేలితో రుద్దితే తెల్లటి పొడి అంటుకుంటుంది. మట్టిరంగులో, కాస్త ముడతలు పడి, విరిస్తే లోపల నార కనిపిస్తూ ముక్కుకు ఘాటు కొట్టే కొమ్మే మేలు.

మిరియాల్లో బొప్పాయి గింజలు కలపడం పాత మోసం. గ్లాసెడు నీళ్ళలో వేస్తే మంచి మిరియం అడుగుకు దిగుతుంది, బొప్పాయి గింజ తేలుతుంది. దేశ ఆహార భద్రతా సంస్థ చెప్పే పరీక్ష కూడా ఇదే. మిరియంలోని పైపరిన్‌కు కారంతో పాటు ఇంకో గుణం ఉంది. కొన్ని మందులు రక్తంలోకి ఎక్కువగా చేరేలా చేస్తుంది. జమ్మూలోని ప్రభుత్వ పరిశోధనశాల ఈ గుణాన్ని పట్టుకునే క్షయ మందు రిఫాంపిసిన్ మోతాదును సగానికన్నా తగ్గించి, దానికి 10 మిల్లీగ్రాముల పైపరిన్ జోడించిన బిళ్ళను ఒక కంపెనీతో కలిసి తెచ్చింది. 2009లో అది బజారుకొచ్చింది. పది మిల్లీగ్రాములంటే సుమారుగా నాలుగైదు మిరియపు గింజల్లో ఉండేంత! మూర్ఛకు ఫెనిటాయిన్, ఉబ్బసానికి థియోఫిలిన్ వాడుతున్నవాళ్ళు రోజూ ఘాటు కషాయం తాగేముందు డాక్టరుకు చెప్పమనేది ఉత్త భయంతో కాదు.

పిప్పళ్ళు కొత్తతరానికి అంతగా తెలియవు. వేలి కొస అంత పొడవున, నల్లగా, పైన గరుగ్గా చిన్న చిన్న గింజలు అతుక్కున్న కంకిలా ఉంటాయి. విశాఖ మన్యంలో ఈ తీగను కాయకన్నా వేరు కోసమే ఎక్కువగా పెంచుతారు. ఆ వేరే పిప్పలిమోడి, బాలింత కారంలో పడేది. శొంఠి, పిప్పలి, మిరియాలు సమపాళ్ళలో కలిపితే త్రికటు. కఫం పట్టినట్టు ఉండే దగ్గుకు ఇది పనికొస్తుంది, పొడి దగ్గుతో గొంతు పచ్చిపుండైనవాళ్ళకు మాత్రం మంట మీద కారం చల్లినట్టే.

పొడి దగ్గుకు అతిమధురం. పచారీ కొట్టులో అడిగితే పుల్లల కట్ట తెస్తారు. పైన బూడిద కలిసిన గోధుమరంగు తొక్క, విరిస్తే లోపల పసుపు. కొస నమిలితే ముందు చెక్క రుచి, అర నిమిషంలో నోరంతా తీపి. అప్పటికీ తీపి రాకపోయినా, లోపలి పసుపు వెలిసి తెల్లబడినా అది పాతసరుకు. ఈ తీపి గ్లైసిరైజిన్ అనే పదార్థానిది. గొంతు మీద మెత్తటి పొరలా పరుచుకుని గీర తగ్గించే గుణం అతిమధురానికి ఉంది కాబట్టే సంగీతకారుల సంచుల్లో ఓ ముక్క కనబడుతూ ఉంటుంది.

ఈ డబ్బాలో అందరికన్నా మంచిగా కనబడేదీ అదే, అందరికన్నా జాగ్రత్తగా ఉండాల్సిందీ దానితోనే. గ్లైసిరైజిన్ మోతాదు మించితే శరీరం ఉప్పును పట్టి ఉంచుకుంటుంది, పొటాషియాన్ని వదిలేస్తుంది. రక్తపోటు పెరుగుతుంది, గుండె లయ తప్పుతుంది. 2020లో ఓ ప్రసిద్ధ అమెరికన్ వైద్య పత్రికలో మాసచూసెట్స్‌కు చెందిన 54 ఏళ్ళ మనిషి ఉదంతం అచ్చయింది. అతిమధురంతో చేసిన నల్ల మిఠాయి రోజుకు ఒకటిన్నర ప్యాకెట్ల చొప్పున కొన్ని వారాలు తిని, గుండె ఆగి చనిపోయాడు. ఐరోపా నిపుణులు రోజుకు 100 మిల్లీగ్రాముల గ్లైసిరైజిన్ దాటొద్దన్నారు. వేరును బట్టి రెండు మూడు గ్రాముల్లోనే అంత ఉండవచ్చు. కాబట్టి అగ్గిపుల్లంత ముక్క, నాలుగైదు రోజులు, అంతే. రక్తపోటు, గుండె, మూత్రపిండాల జబ్బులున్నవాళ్ళు, గర్భిణులు దీని జోలికి పోకపోవడం మంచిది. ఇంట్లో పెద్దాయన రోజూ బీపీ బిళ్ళ వేసుకుంటూ, దగ్గు కోసం అతిమధురం చప్పరిస్తూ, బిళ్ళ పనిచేయడం లేదని డాక్టరుతో తగవుకు దిగడం అసాధ్యమేమీ కాదు.

తేనె సంగతి వేరు. ఇంటి మందుల్లో తూకం వేసి చూసినప్పుడు నిలబడింది ఇదొక్కటే అనవచ్చు. 2007లో అమెరికాలోని పెన్ స్టేట్ వైద్యులు దగ్గుతో వచ్చిన 105 మంది పిల్లల మీద ఓ పరీక్ష చేశారు. నిద్రపోయేముందు కొందరికి తేనె, కొందరికి తేనె రుచి కలిపిన డెక్స్‌ట్రోమెథార్ఫాన్ మందు ఇచ్చారు, మిగతావాళ్ళకు ఏమీ ఇవ్వలేదు. మర్నాడు తల్లిదండ్రులు చెప్పినదాన్ని బట్టి తేనె తాగిన పిల్లలే బాగా పడుకున్నారు. ఆ పరిశోధనకు డబ్బిచ్చింది అక్కడి తేనె బోర్డే కాబట్టి నవ్వుకునేవాళ్ళు నవ్వుకోవచ్చు. అయితే 2020లో ఆక్స్‌ఫర్డ్ వైద్యులు 14 అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినప్పుడూ తేనెదే పైచేయి అయింది. బ్రిటన్ ప్రభుత్వ మార్గదర్శకాలు కూడా మామూలు దగ్గుకు ముందు తేనె వాడి చూడమంటున్నాయి.

ఏడాది నిండని బిడ్డకు మాత్రం చుక్క తేనె కూడా వద్దు. తేనెలో అరుదుగా ఉండే బాట్యులిజం బీజాలు పసిపేగుల్లో మొలకెత్తి విషం తయారుచేస్తాయి, బిడ్డ కండరాలు చచ్చుబడతాయి. పుట్టిన బిడ్డ నాలుక మీద తేనె రాసే ఆచారం ఉన్న ఇళ్ళలో ఈ మాట చెబితే పెద్దవాళ్ళకు కష్టం కలగవచ్చు. అయినా చెప్పాల్సిందే.

ఇక అసలు తేనె ఏది? నీళ్ళలో వేస్తే తీగలా అడుగుకు దిగాలని, వత్తికి రాసి వెలిగిస్తే మండాలని, కుక్క నాకకూడదని రకరకాల పరీక్షలు చలామణిలో ఉన్నాయి. బియ్యంతో చేసిన చక్కెర పాకాన్ని ఇవేవీ పట్టలేవు. 2020 డిసెంబరులో ఢిల్లీలోని విజ్ఞాన పర్యావరణ కేంద్రం 13 బ్రాండ్ల తేనెను జర్మనీ ప్రయోగశాలకు పంపితే అక్కడి ఆధునిక పరీక్షలో 10 తప్పాయి. ఇంట్లో తేల్చుకునే దారి లేనప్పుడు మిగిలేది ఎక్కడి నుంచి వస్తోందో తెలిసిన తేనె కొనడం. తేనెటీగలు పెంచే రైతు దగ్గర గానీ, 1956 నుంచి అడవి సరుకు కొంటున్న గిరిజన సహకార సంస్థ దుకాణంలో గానీ అడగవచ్చు.

కరక్కాయ, పసుపు గురించి ఎక్కువ చెప్పనక్కర్లేదు. కరక్కాయ వగరు, దానిలోని టానిన్లు గొంతును బిగించినట్టు చేస్తాయి. పెచ్చు ముక్క బుగ్గన పెట్టుకుని ఊట మింగితే గీర కాసేపు ఆగుతుంది. పసుపు పాలు హాయిగా ఉంటాయి, దగ్గు తగ్గిస్తాయనడానికి గట్టి రుజువు తక్కువ. పసుపు విషయంలో అసలు జాగ్రత్త రంగు దగ్గర. మెరుపు కోసం లెడ్ క్రోమేట్ పులిమిన పొడితో సీసం ఒంట్లోకి పోతుంది. కొమ్ములు కొని మరలో ఆడించుకోవడమే దానికి విరుగుడు.

అడ్డసరం గొప్పతనం చాలామందికి తెలియకుండానే వాళ్ళ ఇంట్లో ఉంటుంది. పల్లెల్లో కంచె మొక్కగా నాటుతారు, చేదుకు మేకలు కూడా ముట్టవు. ఈ ఆకులోని వాసిసిన్ అనే పదార్థాన్ని ఆధారం చేసుకుని రసాయనవేత్తలు బ్రోమ్‌హెక్సిన్ తయారుచేశారు. 1963లో అది మందుగా వచ్చింది. శరీరంలో బ్రోమ్‌హెక్సిన్ మారగా వచ్చేదే అంబ్రాక్సాల్. నేడు తెలుగునాట మందుల షాపుల్లో కఫం కరిగించడానికి ఇచ్చే సిరప్‌ల సీసాలు తిప్పి చూస్తే ఈ రెండు పేర్లలో ఏదో ఒకటి తరచుగా కనబడుతుంది. లేత ఆకులు మూడు నాలుగు కడిగి, గ్లాసున్నర నీళ్ళలో సగమయ్యేదాకా మరిగించి, వడకట్టి, చల్లారాక తేనె కలుపుకుని తాగడం వాడుక. దాచుకోవాలంటే ఆకు నీడనే ఆరబెట్టాలి. గర్భసంచి ముడుచుకునేలా చేసే గుణం ఉంది కాబట్టి గర్భిణులకు ఇది ససేమిరా కూడదు.

వామాకు కుండీ పిల్లలున్న ఇంటికి. మందమైన నూగు ఆకు తుంచితే వాము వాసన గుప్పుమంటుంది. కషాయమంటే పారిపోయే పిల్లలు వామాకు బజ్జీ అంటే వాళ్ళే వచ్చి కూచుంటారు. నూనెలో వేగాక మందు గుణం ఎంత మిగులుతుందన్నది వేరే సంగతి, వానాకాలం సాయంత్రం ఆ ప్రశ్న ఎవరూ వెయ్యరు.

హైదరాబాద్ పాతబస్తీలో ఇదే డబ్బాకు ఇంకో రూపం ఉంది. అక్కడ కషాయాన్ని జోషాందా అంటారు. మన అతిమధురమే అందులో ములేఠీ. దానికి ఎండిన ఉన్నాబ్ పండ్లు, జిగురుండే సపిస్తాన్ కాయలు, ఖత్మీ, బనఫ్షా పూలు కలుపుతారు. త్రికటు మంట పుట్టిస్తుంది, జోషాందాలోని జిగురు గొంతుకు పూత పూస్తుంది. పొడి దగ్గుకు రెండోదే హాయి అనడంలో సందేహం లేదు. చార్మినార్ పక్కనే ఉన్న ప్రభుత్వ నిజామియా ఆసుపత్రి నేటికీ యునానీ వైద్యానికి పెట్టింది పేరు. 1920లో హకీం మొయిజుద్దీన్ ఫారూఖీ మొదలుపెట్టిన జిందా తిలిస్మాత్ కూడా ఈ ఊరి సరుకే, అందులో ప్రధానం నీలగిరి తైలం. ఇలాంటి తైలాలు, కర్పూరం కలిసిన బామ్‌లు ఏవైనా సరే రెండేళ్ళలోపు పిల్లల ముక్కు దగ్గరకు తీసుకురాకూడదు. కర్పూరం కొద్దిగా మింగినా పసివాళ్ళకు ఫిట్స్ వస్తాయి.

ఇప్పుడు కాచడం. 2020 ఏప్రిల్‌లో కేంద్ర ఆయుష్ మంత్రిత్వ శాఖ ప్రచారం చేసిన కషాయపు పాళ్ళు గుర్తుపెట్టుకోవడానికి సులువు: ఎండు తులసి నాలుగు భాగాలు, దాల్చినచెక్క రెండు, శొంఠి రెండు, మిరియాలు ఒకటి. మూడు గ్రాముల పొడి, అంటే ఓ చిన్న చెంచా, 150 మిల్లీలీటర్ల నీళ్ళకు. రోజుకు ఒకటి రెండుసార్లు. కరోనా రోజుల్లో దీన్నే చిక్కగా కాచి రోజుకు అయిదారు గ్లాసులు తాగి కడుపుమంట కొనితెచ్చుకున్నవాళ్ళు మన చుట్టూనే ఉన్నారు. దాల్చినచెక్కలో కూడా తేడా ఉంది. బజారులో చవగ్గా దొరికే మందపాటి చెక్క కేషియా. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, అతిగా పోతే కాలేయానికి మంచిది కాదు. పలుచటి పొరలు చుట్టలా చుట్టుకున్నది శ్రీలంక రకం, ఖరీదెక్కువ.

కషాయం తాగని ఇంట్లో అల్లం మురబ్బా ఉంచుకోవచ్చు. బస్టాండుల్లో, రైళ్ళలో పొట్లాలుగా అమ్మేదే, ఇంట్లో చేస్తే ఘాటు మన చేతిలో ఉంటుంది. పావుకిలో అల్లం చెక్కు తీసి, ముద్దగా రుబ్బి, పలుచటి గుడ్డలో పిండి రసం తీయాలి. ఆ రసాన్ని అరగంట కదపకుండా వదిలేస్తే అడుగున తెల్లటి పిండి పేరుకుంటుంది. పైన తేట మాత్రం వంచుకుని తెల్లది పారబోస్తారు, లేదంటే ముక్క పిండిపిండిగా ఉంటుంది. అరకిలో బెల్లం కాసిని నీళ్ళతో కరిగించి వడకట్టి, అల్లం రసం పోసి సన్నసెగ మీద తిప్పుతూ ఉండాలి. మొదట బుడగలు పెద్దగా పలుచగా వస్తాయి, తర్వాత చిన్నవై చిక్కబడతాయి. నీళ్ళ పళ్ళెంలో చుక్క వేస్తే చేతికి ఉండలా చుట్టుకోవాలి. అప్పుడు చెంచా నెయ్యి, యాలకుల పొడి. నురగ పైకి లేచి గిన్నె అంచులు వదలగానే నెయ్యి రాసిన పళ్ళెంలో పోసి, వేడి మీదే కత్తితో గీతలు పెట్టాలి. చల్లారితే ముక్కలు వాటంతటవే విడిపోతాయి. చక్కెర జబ్బు ఉన్నవాళ్ళకు ఇది మందు కాదు, మిఠాయే. ఆయుర్వేద దుకాణంలో దొరికే సితోపలాది చూర్ణం విషయంలోనూ వాళ్ళు ఇదే గుర్తుంచుకోవాలి. దానిలో 31 భాగాలకు 16 కలకండే.

దాచడంలో ఒకే సూత్రం: గాజు సీసా, చీకటి, పొడి చోటు. పొయ్యి పైన అలమరలో పెడితే ఆవిరికి సరుకు చెడుతుంది. గట్టి దినుసులు విడిగా ఏడాది పైనే నిలుస్తాయి, పొడి చేస్తే సువాసన నూనెలు కొన్ని నెలల్లోనే ఎగిరిపోతాయి. అందుకని ఎప్పటికప్పుడు పిడికెడే దంచుకోవాలి. కాకినాడ, విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్ళలో వానాకాలం మధ్యలో ఒకసారి సీసాలు దించి చూసుకోవాలి. బూజు వాసన వస్తే ఎండబెట్టి వాడదామనుకోవద్దు. బూజు వదిలిన విషం ఎండకు పోదు, పారబోయడమే. ప్రతి సీసా మీదా పేరు, కొన్న నెల, మోతాదు రాసిన చీటీ అంటించాలి. ఉమ్మెత్త ఆకు, గింజలు లాంటివి ఆ దరిదాపులకే రాకూడదు. ఉమ్మెత్త పొగ ఉబ్బసానికి వాడిన కాలం ఒకటుంది, ఇంగ్లండులో దాని జాతి ఆకుతో సిగరెట్లు కూడా అమ్మారు. మందుకూ విషానికీ మధ్య ఉండే ఎడం అందులో మరీ తక్కువ.

ఏ కషాయానికీ లొంగని దగ్గులు కొన్నున్నాయి. బీపీకి వాడే ఎనలాప్రిల్, రామిప్రిల్ లాంటి బిళ్ళలు కొందరిలో ఎడతెగని పొడి దగ్గు తెస్తాయి. డాక్టరు బిళ్ళ మారిస్తే కొన్ని వారాల్లో పోతుంది, మార్చకపోతే ఎన్ని సీసాలు ఖాళీ అయినా పోదు. కడుపులో ఆమ్లం పైకి తన్నడం వల్ల పడుకోగానే వచ్చే దగ్గుకు మిరియాల ఘాటు ఇంకా హాని. రాత్రిళ్ళు పిల్లికూతలతో వచ్చేది ఉబ్బసం కావచ్చు. ఇక దగ్గు ఏ రకమైనా, రక్తం పలుచబడే మందులు వాడేవాళ్ళు శొంఠి, పసుపు, లవంగం ఎక్కువగా తీసుకోకూడదు.

పిల్లల విషయంలో చూడాల్సింది దగ్గు చప్పుడు కాదు, ఊపిరి. బిడ్డ నిద్రలో ఉన్నప్పుడు గడియారం పెట్టి నిమిషం పాటు లెక్కపెట్టాలి. రెండు నెలల లోపు 60, ఏడాది లోపు 50, ఐదేళ్ళలోపు 40 లేదా అంతకన్నా ఎక్కువ ఉంటే న్యుమోనియా అనుమానించాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. డొక్కలు ఎగరేస్తుంటే, పాలు తాగలేకపోతుంటే కషాయం కాచే సమయం కూడా వృథా చేయకూడదు. ఆవిరి పట్టడానికి కాగే గిన్నె పిల్లల ముందు పెట్టడమూ వద్దు. అది ఒలికి ఒళ్ళు కాలే ప్రమాదం, ఆవిరితో వచ్చే సుఖం కన్నా పెద్దది.

ప్రపంచంలోని క్షయ రోగుల్లో సుమారు నాలుగో వంతు మన దేశంలోనే ఉన్నారు. అందువల్ల ఇక్కడ రెండు వారాలు దాటిన దగ్గును, సగటు లెక్కలు చూసుకుని ఇంకా ఆగుదామని వదిలేయడానికి వీల్లేదు. సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం, కళ్ళెలో రక్తం కనబడితే రెండు వారాలు కూడా ఆగకూడదు. కళ్ళె పరీక్ష, ఆ తర్వాత మందులు ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితం. ఎక్కడికి వెళ్ళాలో తెలియనివాళ్ళు 1800-11-6666కు ఫోన్ చేసి అడగవచ్చు, ఆ కాల్‌కు డబ్బులు పడవు. డబ్బా మూత లోపలివైపు ఈ నంబరు కూడా రాసి అంటించండి.